మార్తా లాడ్జి ఆరో గది

నేను పక్కలు వెయ్యడం నేర్పుతాను. నవ్వకండి, అది ఉద్యోగమే. విశాఖపట్నంలో హోటలు పనులు నేర్పే కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు దుప్పటి ఎలా పరచాలో, మూల ఎలా మడవాలో, తలగడ ఏ వైపు తిప్పాలో చెబుతున్నాను. మా పాఠాల్లో హోటళ్ళ రంగాన్ని మార్చిన మహానుభావుల కథలుంటాయి. రాజుల కోటల్ని హోటళ్ళు చేసినవాళ్ళు, ఒక్క గదితో మొదలుపెట్టి దేశదేశాల్లో జెండాలు పాతినవాళ్ళు. ఏటేటా అవే కథలు చెప్పి చెప్పి నాకే విసుగు పుట్టింది. చిన్న ఊళ్ళలో, స్టేషన్ల పక్కన, ఏ పుస్తకానికీ ఎక్కకుండా ఈ పని తీరు మార్చినవాళ్ళు ఎవరూ లేరా అని వెతకడం మొదలుపెట్టాను.

అలా తెలిసింది రాహేలమ్మగారి సంగతి. రాయ్‌పూర్‌లో పెద్ద హోటల్లో చేరిన నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, మీరు నేర్పిన మడత ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళందరికీ ముందే వచ్చు. ఎవరు నేర్పారంటే 'మార్తా లాడ్జి అమ్మ' అంటున్నారు" అంది. 

ఈ మాఘంలో నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. వచ్చి నెల దాటింది. రాయడానికి ఇన్నాళ్ళు జంకాను. నేను దయ్యాల మనిషిని కాను. గదిలో ఏదైనా చప్పుడైతే ముందు కుళాయి చూస్తాను. అయినా ఇందులో కొన్ని సంగతులకు నా దగ్గర జవాబు లేదు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెబుతాను.

రైల్లో

ఎదురు సీట్లో ఒకావిడ. అరవై ఏళ్ళుంటాయి. భర్త రైల్వేలో చేసి రిటైరయ్యాడట. "మాది పార్వతీపురం. కానీ పుట్టిందీ పెరిగిందీ రాయ్‌పూర్లోనే. ఇంట్లో తెలుగు, బయట హిందీ, కోపమొస్తే రెండూ" అని నవ్వించింది. మిఠాయి డబ్బాలోంచి అరిసెలు తీసి పెట్టింది. దారి పొడుగునా కొండలు, ఇప్పపూలకి ఇంకా వేళ కాని మోడు చెట్లు, వాటి మధ్య ఒంటరి స్టేషన్లు.

ఎక్కడ దిగుతారని అడిగింది. స్టేషన్ వెనక గుఢియారీ వైపు, మార్తా లాడ్జి అన్నాను.

"ఒక్కరేనా?"

"ఒక్కదాన్నేనండి."

"అయితే ఆరో నంబరిస్తారు." ఆవిడ అరిసెల డబ్బా మూత పెట్టేసింది.

"మీకెలా తెలుసు?"

"ఒక్కత్తీ వచ్చిన ఆడమనిషికి అదే ఇస్తారు. మా చెల్లెలు దిగింది ఓసారి. బాగుంటుంది గది. చాలా బాగా చూసుకుంటారు." కిటికీ బయటికి చూస్తూ, "మరీ బాగా చూసుకుంటారంది మా చెల్లెలు. రెండో రోజు మా ఇంటికి వచ్చేసింది" అంది.

ఎందుకని అడిగినా మాట మార్చేసింది.

మరాఠా కాదు, మార్తా

స్టేషన్ బయట ఆటో ఎక్కి "మార్తా లాడ్జ్" అంటే, ఆ అబ్బాయి నన్ను తిప్పి తిప్పి మరాఠా వాళ్ళ సంఘం భవనం ముందు దించాడు. లోపల ఎవరిదో నిశ్చితార్థం. గుమ్మంలో నా మీద పన్నీరు చల్లి, నుదుట కుంకం పెట్టి, చేతిలో లడ్డూ పెట్టేదాకా నాకు విషయం అర్థం కాలేదు. లడ్డూ తింటూ మళ్ళీ ఆటో ఎక్కాను. పొరపాటు తనదే కనుక రెండోసారి డబ్బు తీసుకోనన్నాడు ఆ అబ్బాయి. మా విశాఖలో అయితే లడ్డూకి కూడా మీటరు వేసేవాళ్ళు.

గుఢియారీ ఇరుకు. బెల్లం దిమ్మలు, ఉల్లిపాయల బస్తాలు, ఇనప సామాను, కుట్టుమిషన్లు, అన్నీ రోడ్డు మీదికే. రైలు వెళ్ళినప్పుడల్లా దుకాణాల్లో తక్కెళ్ళు వణుకుతాయి. ఆ గోలలోంచి ఒక సందులోకి తిరగ్గానే, ఎవరో తలుపు మూసినట్టు చప్పుడంతా ఆగిపోయింది. సందు చివర రెండంతస్తుల తెల్ల ఇల్లు. కింద రెండు గదులు, పైన మూడు, వెనక వైపు తర్వాత కలిపినట్టు ఒకటి. ఆ వెనక గదికి సందులోంచి విడిగా ఇనప మెట్లు.

గుమ్మంలో పడక కుర్చీలో తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ. డెబ్బై ఆరేళ్ళు. తల ముగ్గుబుట్ట. కుర్చీకి ఆనించి ఒక కర్ర. ఆవిడే రాహేలమ్మగారు. భీమవరం దగ్గర పల్లె నుంచి నర్సు ఉద్యోగం మీద వచ్చి, పద్దెనిమిదేళ్ళు ఆస్పత్రి వార్డుల్లో చేసి, ఆ ఉద్యోగం వదిలి లాడ్జి పెట్టిన మనిషి.

నా నమస్కారం వినగానే, "రామ్మా సరోజా, కూర్చో. కళ్ళు సరిగా కనపడవు, ఫోన్లో విన్న మాటే గుర్తు. సామాన్ అక్కడే పెట్టేయ్, ఝుముక్ తెస్తుంది. ముందు పైకెళ్ళి స్నానం చెయ్యి. గరమ్ పానీ రెడీగా ఉంది" అంది.

ఝుముక్ బాయి ధర్సీవా పక్క పల్లెటూరి మనిషి. రాహేలమ్మగారి దగ్గర పాతికేళ్ళకు పైగా ఉంది, తెలుగూ ఆవిడ దగ్గరే నేర్చుకుంది. నా పెట్టె పట్టుకుని నా వెనకే మెట్లెక్కింది. ఆరో నంబరు తాళం నేనే తీశాను.

ఒక్క మంచం. తెల్ల దుప్పటి. నేను పరీక్షల్లో మార్కులు వేసేదాన్ని కదా, చెయ్యి ఊరుకోలేదు. వంగి మూల చూశాను. ఆస్పత్రి మడత. వార్డుల్లో పక్క వేసే పద్ధతిలో దుప్పటి మూల నలభై అయిదు డిగ్రీల కోణంలో, గీత గీసినట్టు పరుపు కిందికి దోపి ఉంది. ఆకుపచ్చ కిటికీ తలుపులు. లోపలి గడియ మాత్రం మామూలు గడియకి రెండింతలుంది. గోడ మీద అద్దం కట్టిన కుట్టుపని, ఒక పావురం. దానికి ఒకటే రెక్క కుట్టి ఉంది. రెండో రెక్క పెన్సిలు గీత దగ్గరే ఆగిపోయింది.

స్నానాల గదిలో బకెట్టు నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. పైన రెండు వేపాకులు.

"నువ్వు పెట్టావా?" అన్నాను ఝుముక్‌తో.

ఆమె పెట్టె దించి, తల అడ్డంగా ఊపింది. "నయ్, దీదీ. నేను మీతోనే ఉన్నా కదా." ఆ మాట అని తొందరగా కిందికి వెళ్ళిపోయింది.

రెండో రోజు, గుఢియారీ

రాయ్‌పూర్‌లో పొద్దున్నే అటుకుల ఉప్మాతో జిలేబీ తింటారు. ప్లేటు ముప్పై రూపాయలు. ఒక ముద్ద కారం, ఒక ముక్క తీపి. మొదట మింగుడు పడలేదు. మూడో ముద్దకి, మనవాళ్ళకి ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదా అనిపించింది. ఝుముక్ మాత్రం ఇంటి దగ్గర్నుంచి 'బోరే బాసీ' తెచ్చుకుంటుంది. అంటే రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్నే ఉల్లిపాయతో తినడం. మన చద్దన్నమే. నేనూ ఒక గిన్నె పెట్టించుకుంటే రాహేలమ్మగారు ముచ్చటపడింది.

ఆవిడ చెప్పిన సంగతులు నా పాఠాలన్నిటికంటే బరువైనవి. అప్పట్లో స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీల్లో ముదురు రంగు పూల దుప్పట్లు వేసేవారట. మరకలు కనపడవని, వారానికోసారి ఉతికితే చాలని. ఈవిడ తెల్లవి వేసింది. "వార్డులో తెల్లదే ఎందుకేస్తామమ్మా? మురికి దాక్కోకూడదని. ఇక్కడా అంతే" అంది. బస చేసిన మనిషి వెళ్ళగానే పక్క విప్పి ఉడకబెట్టించేది. కాచిన నీళ్ళు కూజాలో. మొదట్లో పక్క లాడ్జీలవాళ్ళు 'ఆస్పత్రి లాడ్జి' అని ఎగతాళి చేశారట. రెండేళ్ళయ్యాక వాళ్ళే ఝుముక్‌ని పిలిచి, మడత నేర్పమన్నారు. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఈ పని నేర్పి పంపింది రాహేలమ్మగారు. ఇవాళ ఊళ్ళో పెద్ద పెద్ద హోటళ్ళలో గదులు సర్దే ఆడవాళ్ళలో సగం మంది ఆ చేతి కింద తయారైనవాళ్ళే అని నా విద్యార్థిని చెప్పింది.

తర్వాత నేను బజారు చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళేముందు కావాలనే పక్క సర్దలేదు. దుప్పటి చిందరవందరగా వదిలి, తాళం వేసి, తాళంచెవి నా సంచిలో వేసుకున్నాను. లాడ్జిలో ఆ గదికి ఇంకో తాళంచెవి లేదని ముందే కనుక్కున్నాను.

పన్నెండున్నరకు తిరిగొచ్చి తలుపు తీశాను. పక్క వేసి ఉంది. మూలలు గీత గీసినట్టున్నాయి. బకెట్టులో నీళ్ళు పొగలు.

కిటికీలో ఎండ పడుతోంది. తలుపు దగ్గరికి వేసి, ఆ పక్క కేసి చూస్తూ నిలబడే ఉన్నాను. అప్పుడు వసారాలో చప్పుడు. టక్. ఒక అడుగు ఈడ్చిన శబ్దం. మళ్ళీ టక్. కర్ర పోటేసుకుంటూ ఎవరో నెమ్మదిగా నా గుమ్మం దాటి మెట్ల వైపు వెళుతున్నారు. ఒక్క ఉదుటున తలుపు తీశాను. వసారా ఖాళీ. ఆరేసిన తెల్ల దుప్పట్లు కూడా కదలడం లేదు.

కిందికి పరుగెత్తాను.

రాహేలమ్మగారు పడక కుర్చీలో నిద్రపోతోంది. రెండేళ్ళ క్రితం తుంటి విరిగిన దగ్గర్నుంచి ఆవిడ మెట్లెక్కలేదు. కర్ర గోడకు ఆనించే ఉంది. కానీ ఆవిడ చేతులు మాత్రం ఒళ్ళో కదులుతున్నాయి. కుడిచెయ్యి గాల్లో ఏదో పట్టుకుని లాగి, ఎడమచేత్తో ఒత్తి, కిందికి మడిచి దోపుతోంది. నేను ఇరవై రెండేళ్ళుగా నేర్పుతున్న మడత అది. ఒక్క కదలిక కూడా తప్పలేదు.

ఝుముక్ నోటి మీద వేలు పెట్టింది. "అమ్మ సోతోంది. లేపకు, దీదీ. రోజూ దుపహర్‌లో ఇంతే. చేతులు బిస్తర్ వేస్తాయి."

"పైన?"

ఝుముక్ నా వైపు చూడలేదు. "పైన నేను బిస్తర్ వేసి రెండేళ్ళయింది. ఎప్పుడు వెళ్ళినా వేసే ఉంటుంది. అమ్మకి చెప్పలేదు నేను. భయపడుతుంది."

రాహేలమ్మగారు చెప్పింది

లేచాక టీ తాగుతూ, నిద్రలో ఏం కలలొస్తాయని అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఒకటే కల. మెట్లెక్కుతాను. ఆరో నంబర్లో పక్క వేస్తాను, నీళ్ళు పెడతాను. ఎవరో వస్తారని తెలుసు. ఎవరో తెలీదు. వచ్చే లోపల మెలకువ వచ్చేస్తుంది." టీ గ్లాసు కింద పెట్టింది. "కాదులే. ఎవరో తెలుసు."

ఆ తర్వాత చెప్పింది.

"అప్పుడు ఈ రాష్ట్రం కొత్తగా అయింది. సాహెబులు, బాబులు, కాంట్రాక్టు ఠేకేదార్లు అందరూ ఒక్కసారే ఊడిపడ్డారు. ఊళ్ళో గదులెక్కడివి? నాకు అయిదు. ఆరోది అప్పటికి కట్టలేదు. నాలుగు నిండాయి, ఒకటి ఖాళీ. దీపాలు పెట్టే వేళ ఒక పిల్ల వచ్చింది. పాతికేళ్ళుంటాయి. పసుపు చీర, చేతిలో గుడ్డసంచి. 'నా పేరు విమలండి, మాది సామర్లకోట. పనికోసం వచ్చాను, తీసుకెళతానన్నవాళ్ళు రాలేదు. ఒక్క రాత్రి చాలు' అంది. నేను గది లేదన్నాను."

"ఒకటి ఖాళీగా ఉందన్నారుగా?"

"ఉంది. అబద్ధం చెప్పాను. ఒంటరి ఆడదానికి గదిస్తే పోలీసోళ్ళొచ్చి మొగుడేడీ, ఎవడితో వచ్చింది అని అడిగేవారు. లాడ్జికి బద్నామ్, చెడ్డపేరు. ఊళ్ళో ఎవ్వరూ ఇచ్చేవారు కాదు. నేనూ ఇవ్వలేదు. మంచం లేకపోతే కింద చాప వేసైనా పేషెంటుని పడుకోబెట్టినదాన్ని. నా సొంత గుమ్మంలోంచి ఒక ఆడపిల్లని చీకట్లోకి పంపాను."

మర్నాడు పొద్దున్న పట్టాల పక్కన ఒక ఆడమనిషి శవం కనబడింది. జనంతో పాటు ఈవిడా వెళ్ళింది.

"మొహం గుర్తుపట్టేట్టు లేదు. చీర పసుపు. ఎవరో తెలుసా అని అడిగారు. తెలుసు, విమల అని నేనే చెప్పాను."

ఆ ఎండాకాలం ఆవిడ ఆరో గది కట్టించింది. వెనక సందులోంచి వచ్చేలా ఇనప మెట్లు పెట్టించింది. పెద్ద గడియ తనే ఎంచి తెచ్చింది. ఆ గది మగవాళ్ళకి ఇవ్వకూడదు, మిగతా గదులన్నీ నిండినా సరే. ఒక్కత్తీ వచ్చిన ఆడమనిషిని నీ మొగుడెవరని అడగకూడదు. తనిఖీకి వచ్చినవాళ్ళతో గుమ్మంలో నిలబడి పోట్లాడింది. పరీక్షలు రాసే అమ్మాయిలు, బదిలీ మీద వచ్చిన నర్సులు, టీచర్లు ఒకరికొకరు చెప్పుకుని రావడం మొదలుపెట్టారు. పదేళ్ళకి స్టేషన్ దగ్గర మిగతావాళ్ళూ ఒంటరి ఆడవాళ్ళకి గదులివ్వక తప్పలేదు.

"అందరూ నన్ను మెచ్చుకున్నారమ్మా. దండలేశారు. ఆ పిల్ల సంగతి ఎవరికీ చెప్పలేదు. నీకే చెప్పాను. పొయ్యేలోపల ఎవరో ఒకరికి చెప్పాలి కదా."

గోడ మీద పావురం సంగతి అడిగాను. దాన్ని మూడేళ్ళ క్రితం మొదలుపెట్టిందట. ఒక రెక్క అయ్యేసరికి చూపు మందగించి ఆపేసింది.

ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు. కానీ అంత విన్నాక గది మార్చమని అడగడానికి నోరూ రాలేదు. వెళ్ళి, పెద్ద గడియ వేసుకుని పడుకున్నాను. చెప్పకూడదు గానీ, ఈ మధ్య అంత గాఢంగా ఎప్పుడూ నిద్రపోలేదు.

మూడో రోజు, అభన్‌పూర్

ధమ్తరీ రోడ్డు మీద అభన్‌పూర్‌లో ఒక తెలుగావిడ అట్ల హోటలు నడుపుతోందని, పైన ఆడవాళ్ళకి అద్దె గదులున్నాయని ఝుముక్ ఎవరి దగ్గరో విందట. నా పని అలాంటివాళ్ళని చూడడమే కదా, బస్సెక్కాను.

రోడ్డు పక్కన చిన్న మేడ, దాని ముందు రేకుల పంచ. పెనం ముందు బొద్దుగా, చలాకీగా యాభై ఏళ్ళావిడ. ఇక్కడ బియ్యప్పిండితో పలుచగా 'చీలా' పోస్తారు. అట్టులాంటిదే కాని పిండి పులవదు. ఈవిడ ఒక పెనం మీద చీలా, ఇంకో పెనం మీద మన పెసరట్టు పోస్తోంది. రెండింటికీ ఒకటే టమాటా పచ్చడి. పెసరట్టు నలభై రూపాయలు, చీలా ఇరవై. తెలుగు వినబడేసరికి నాకు అల్లం ముక్కలు ఇంకాస్త పడ్డాయి.

తిన్నాక పైన గదులు చూపించమన్నాను. నాలుగు చిన్న గదులు. అద్దెకుండేది ఇద్దరు టీచర్లు, ఒక నర్సు. ఖాళీగా ఉన్న నాలుగో గదిలో పక్క చూశాను. తెల్ల దుప్పటి. ఆస్పత్రి మడత.

"ఈ మడత ఎవరు నేర్పారండీ? మార్తా లాడ్జిలో చేశారా?"

ఆవిడ మొహంలో నవ్వు ఆగింది. "ఆ లాడ్జి ఇంకా ఉందాండి?"

"ఉంది. నేను దిగింది అక్కడే."

"నేనెక్కడా చెయ్యలేదండి. ఒక్క రాత్రి పడుకున్నానంతే. ఇరవయ్యేళ్ళు దాటిపోయింది. పొద్దున్న లేచి ఆ దుప్పటి విప్పి, మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పి నేర్చుకున్నాను. అంత శుభ్రమైన పక్క అప్పటిదాకా ఎరగనండి."

"మీ పేరు?"

"విమల. మాది సామర్లకోటండి."

నేను ఆ మంచం మీదే కూర్చుండిపోయాను. ఆవిడ నీళ్ళు తెచ్చిచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పింది.

"ముందు గుమ్మంలో ఉన్నావిడ గది లేదన్నారండి. నల్లజుట్టు, గట్టి మనిషి. మెట్లు దిగి సందులోకి తిరిగాను. ఏడుపొచ్చేసింది. వెనకనించి 'ఏమ్మా, ఇటు రా' అని పిలుపు. చూస్తే ఇనప మెట్ల మీద ఒక ముసలావిడ. తల తెల్లగా, చేతిలో కర్ర. ఆయాసపడుతూ ముందు నడిచింది. గదిలో పక్క వేసుంది, బకెట్టులో నీళ్ళు కాగుతున్నట్టున్నాయి. వేపాకు వేసుంది. 'గడియ వేసుకో. ఎవరు పిలిచినా తియ్యకు' అంది. పెద్ద గడియండి. ఇంకేం అడగలేదు. నా పేరు కూడా."

"పొద్దున్న కనబడలేదా?"

"లేదండి. లాడ్జి ఆవిడకి తెలియకుండా వాళ్ళమ్మగారో ఎవరో నన్ను దాచారనుకున్నాను. ముందు వైపు వెళ్ళి చెబితే ఆ ముసలావిడకి చీవాట్లని, వెనక మెట్లమ్మటే దిగి వచ్చేశాను. ఈ ఊళ్ళో రైసుమిల్లులో వంటకి కుదిరాను. తర్వాత ఈ పెనం. నాలుగు డబ్బులు చేరగానే గదులు వేశాను, నాలాంటివాళ్ళకి. ఎన్నోసార్లు వెళదామనుకున్నాను. ఆవిడ ఎప్పుడో పోయుంటారు, ఎవరికి చెప్పుకోను అనిపించేది."

"గదిలో ఇంకేమైనా గుర్తుందా?"

"గోడ మీద పావురం. కుట్టింది. ఒకటే రెక్క. ఆ రాత్రంతా అదే చూశానండి. రెండోది ఎందుకు కుట్టలేదో అనుకుంటూ."

నా ఫోన్లో ఆ పావురం ఫోటో ఉంది. తీసి చూపించాను.

"ఇదే" అంది.

ఆ గది అప్పటికి కట్టలేదని, ఆ పావురం మొదలుపెట్టి మూడేళ్ళేనని ఆవిడతో చెప్పలేకపోయాను.  "లాడ్జి ఆవిడ మీరు చనిపోయారనుకుని ఇన్నేళ్ళూ బాధపడుతోంది. రేపు నాతో వస్తారా?" అని మాత్రం అడిగాను. ఆవిడ కిందికి దిగి పొయ్యి ఆర్పేసి, "రేపెందుకండి, ఇప్పుడే పదండి" అంది. అప్పటికే పొద్దు వాలింది. రాహేలమ్మగారు పెందరాళే పడుకుంటారని చెప్పి, మర్నాడు పొద్దున్నే రమ్మని ఒప్పించి వచ్చాను.

నాలుగో రోజు

రాహేలమ్మగారికి ముందే చెప్పాను, విమల బతికే ఉందని. ఆవిడ అంతా విన్న తర్వాత తల దువ్వమని ఝుముక్‌ని పిలిచింది. ఉతికిన చీర కట్టుకుని, కర్ర ఊతగా గుమ్మంలో నిలబడింది. కూర్చోమంటే వినలేదు.

పదిగంటలకు విమల సందు మలుపు తిరిగింది. చేతిలో పెసరట్ల పొట్లం. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. పొట్లం జారి కిందపడింది.

"ఈవిడే" అంది నాతో, గొంతు తగ్గించి. "ఈవిడేనండి. అప్పుడూ ఇలాగే ఉన్నారు. ఇదే జుట్టు. ఈ కర్రే."

రాహేలమ్మగారు విన్నది. "నేను కాదమ్మా. నాకప్పుడు యాభై రెండు. కర్ర లేదు. నేను నీకు గది లేదన్నాను."

"అది నల్లజుట్టావిడ అన్నారండి."

"ఆవిడా నేనే."

 ఝుముక్ మెల్లిగా గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "ఆ ఇనప మెట్లు పెట్టినప్పుడు ఇటుకలు మోసింది నేనే" అంది. "పట్టాల పక్కన ఆ శవం దొరికాకే. అంతకు ముందు అక్కడ గోడ ఉండేది. ఉత్త గోడ."

విమల పైకి వెళ్ళింది, వెనక నేను. ఆరో గది గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. ఎవరూ ముట్టకుండానే వేసి ఉన్న పక్క, పొగలు కక్కే నీళ్ళు. అడుగు పెట్టలేదు. గడియ మీద ఒకసారి చెయ్యి వేసి, తీసేసి, కిందికి దిగి రాహేలమ్మగారి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఎలా జరిగిందో నాకు తెలీదండి. పడుకున్నది మాత్రం నిజం. మీరు పిలిచారు. నేను వచ్చాను."

రాహేలమ్మగారు వంగి ఆవిడ తల తడిమింది. నుదురు, చెవులు, భుజాలు. నర్సులు తడిమి చూసినట్టే. దెబ్బలేమీ లేవని నమ్మకం కుదిరాక ఏడ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా దాచుకున్న ఏడుపు, చూడ్డానికి భయమేసింది. నా పాఠాల్లో అతిథిని ఎలా పిలవాలో ఉంది. ఇలాంటి పిలుపుని ఏమనాలో ఏ పాఠంలోనూ లేదు.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుంది. మొహంలో ఇంకేదో భయం కదిలింది.

"విమలా, నీకొకటి చూపించాలి. ఆటో పిలువు, ఝుముక్."

ఆఖరి మజిలీ

"మా సమాధుల తోట" అని ఆవిడ తీసుకెళ్ళిన చోటు ఊరికి కాస్త ఎడంగా ఉంది. నేనూ విమలా చెరో పక్క పట్టుకుని నడిపించాం. మిట్టమధ్యాహ్నం. ఒక్క పిట్ట కూడా పలకడం లేదు. వేపచెట్టు వారన వరసలో చివరి సమాధి దగ్గర రాహేలమ్మగారు ఆగింది. చిన్న సిమెంటు దిమ్మ, తెల్ల సున్నం, తెలుగు అక్షరాలు.

విమల. సామర్లకోట.

విమల ఆ అక్షరాలు ఒక్కొక్కటే చదివింది. తన పేరు తనే కొత్తగా చూస్తున్నట్టు.

"ఎవరూ రాలేదు తీసుకెళ్ళడానికి" అంది రాహేలమ్మగారు. "నేనే అడిగి తెచ్చి పూడ్పించాను. ఏటేటా వచ్చి నీకోసం ప్రార్థన చేశాను. నువ్వు కాదు. మరి ఇక్కడున్నది ఎవరు? ఆ రోజు ఊళ్ళో ఇంకో ఆడది తిరిగింది. దానికీ ఎవరో తలుపేసి ఉంటారు. దాని పేరేంటో కూడా తెలీదు. నీ పేరు వేసి, దాని పేరు లేకుండా చేసేశాను."

విమల చతికిలబడి, దిమ్మ చుట్టూ మొలిచిన గడ్డి పీకడం మొదలుపెట్టింది. చీర కొంగుతో అక్షరాల్లో దుమ్ము తుడిచింది.

"ఈ పేరు చెక్కి తీయించేద్దాం. రేపే మనిషిని పిలిపిస్తా" అంది రాహేలమ్మగారు.

"వద్దండి. తీసేస్తే ఆవిడకి ఏమీ మిగలదు కదా. ఉండనివ్వండి. ఉంచుకోనివ్వండి నా పేరు."

"మరి నీకు?"

విమల చేతికంటిన మట్టి దులుపుకుంటూ లేచింది. 

"నాకింకా అవసరం రాలేదుగా అమ్మా" అంది.